మేస్త్రమ్మకు రెస్ట్

పోయిన వారం మార్కాపురం బస్టాండు ఎదురుగా ఉన్న టీ దుకాణంలో ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకోబోయారు. ఆస్తి తగాదా కాదు, రాజకీయం అంతకన్నా కాదు. టీవీలో అడుగున ఒక వార్త పరిగెత్తింది, వచ్చే సిరీస్‌కు మన కెప్టెన్‌కు విశ్రాంతి అని. ఒకాయన గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి, "ఏడాది పొడుగునా ఆడతానే ఉండాడు పాపం, ఆయనేమన్నా ఇనప మనిషా?" అన్నాడు. రెండో ఆయన లేచి నిలబడి, "ఆడేదానికి కాదా కెప్టెన్ అయినాడు? రెస్టే కావాలంటే ఇంట్లో పండుకోమను!" అన్నాడు. టీ కాచే ఆయన మధ్యలో దూరి ఇద్దరికీ చెరో టీ పోసి సర్దాడు.

నా మొబైల్ షాపు తెరిచే టైము దాటిపోతున్నా నేను బెంచీ మీంచి లేవలేదు. ఆ రెండో ఆయన అన్న మాటలు అంతకుముందు ఎన్నోసార్లు విన్నాను, ఇంకా పెద్ద గొంతుతో. అది మా పెద్దమ్మ గొంతు. ఆ గొంతు ఇప్పుడు లేదన్న సంగతి టీ దుకాణంలో మళ్ళీ కొత్తగా గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క కాదు. పెద్దారవీడు దగ్గర మా పాలెంలో మా ఎదురింటి మనిషి. పాలెంలో సగం మందికి ఆమె పెద్దమ్మ, మిగతా సగానికి మేస్త్రమ్మ. మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. ఏ తోటకు ఎవరు పోవాలి, పొద్దున ఆటో ఎప్పుడు ఎక్కాలి, మొక్కల వరసల్లో ఎవరు ఏ సాలు పట్టాలి, సద్ది ఎప్పుడు విప్పాలి, అంతా ఆమె నోటి మీదే నడిచేది. పోయిన వానాకాలంలో నిద్రలోనే కన్నుమూసింది. ఆ కబురు మొదట ఎవరూ నమ్మలేదు. ఎవరికీ చెప్పకుండా, ఎవరికీ పని పురమాయించకుండా వెళ్ళిపోయే మనిషి కాదు ఆమె.

పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు. మిరప కోసే వాళ్ళందరూ అట్లాగే ఉంటారు గానీ, పెద్దమ్మ ఆ చొక్కాకు పైన గుండీ దాకా పెట్టుకునేది. జేబులో సెల్లు. ఆ సెల్లు నేను అమ్మిందే. దాన్ని చెవి దగ్గర కాక నోటి ముందు పట్టుకుని మాట్లాడేది. అవతలి వాళ్ళు చెప్పేది వినాల్సిన అవసరం ఆమెకు పెద్దగా పడేది కాదు.

క్రికెట్టు చూడటానికి మా ఇంటికి వచ్చేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. గడప మీద, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. బ్యాటింగు ఆమెకు పట్టదు. సిక్సర్ కొడితే మేమందరం ఎగిరి గంతేసేవాళ్ళం, ఆమె మాత్రం చీర కొంగుతో చెవి గోక్కుంటూ ఉండేది. మన వాళ్ళు ఫీల్డింగ్‌కు దిగగానే నిటారుగా కూర్చునేది.

"బంతి యాడికి పోతే నాకేంది. మనుషుల్ని ఎట్ల నిలబెట్టినాడో అది సూడు" అనేది. "అదో, ఆ పొడుగోన్ని సాలు మార్చినాడు. మంచి పని చేసినాడు. ఆ మూలనోడు నిద్రపోతన్నాడు, వాన్ని ఒక అరుపు అరవమను."

ఆమె చూపంతా కెప్టెన్ మీదే. ఆయన చేత్తో సైగ చేస్తే ఇక్కడ ఈమె తల ఊపేది. ఆయన తిట్టకుండా ఊరుకుంటే ఆ తిట్లు కూడా ఈమే తిట్టేది. ఒకసారి ఆయనకు మోకాలు దెబ్బ తగిలిందని వార్త వచ్చింది. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని పాస్టరయ్య అడగ్గానే పెద్దమ్మ లేచి, "మన ఇండియా కెప్టెన్ మోకాలి కోసరం అయ్యగారూ" అంది. పాస్టరయ్య ఒక్క క్షణం ఆగి, మోకాళ్ళ నొప్పులతో బాధపడే వాళ్ళందరి కోసం అని కలిపి ప్రార్థించాడు. వెనక వరసల్లోని ముసలమ్మలు ఆమేన్ చాలా గట్టిగా చెప్పారు.

అంత ప్రేమ ఉన్న మనిషికి ఆ కెప్టెన్‌కు రెస్ట్ ఇచ్చారంటే మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది.

"ఏం రోగమొచ్చిందంట ఆయనకు? కాలిరిగిందా, చెయ్యిరిగిందా?"

"ఏం కాలేదు పెద్దమ్మా. ఒక సిరీస్ అయిపోతే ఇంకో సిరీస్, తెరిపి లేదు. ఈ చిన్న సిరీస్‌లో రెస్ట్ ఇచ్చి, పెద్ద సిరీస్‌కు దాచుకుంటారు."

"దాచుకోనీకి ఆయనేమన్నా మాగాయా? రెస్టు లేదు ఏం లేదు నాయనా. తీసేసినాం అని మొగం మీద చెప్పలేక రెస్టు అంటన్నారు. సూడు, వచ్చే నెలకు ఇంకోడు కూర్చుంటాడు ఆ జాగాలో."

నేను వర్క్‌లోడ్ మేనేజ్‌మెంట్ అనీ, ఫిజియో అనీ పేపర్లో చదివిందంతా అప్పజెప్పేవాణ్ణి. ఆమె చెయ్యి అడ్డంగా ఊపి లేచిపోయేది. తనకు తెలియని మాట ఎవరైనా వాడితే అది అబద్ధమని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతో ఆమె చాలాసార్లు గెలిచింది, కొన్నిసార్లు దారుణంగా ఓడిపోయింది కూడా.

రెస్ట్ అనే మాట మీద ఆమెకు అంత మంట ఎందుకో పాలెంలో పెద్దవాళ్ళకు తెలుసు. ఆమెకు ముందు ముఠాకు వేరే మేస్త్రి ఉండేది. ఆ మనిషి కంటి ఆపరేషన్ చేయించుకుని ఒక సీజన్ ఇంట్లో కూర్చుంది. ఆ ఒక్క సీజనుకే అని పెద్దమ్మ ముఠాను పట్టుకుంది. పాత మేస్త్రి కళ్ళు బాగయ్యాయి గానీ ముఠా మళ్ళీ ఆమె చేతికి పోలేదు. తర్వాతి ఏడు ఆ మనిషి మామూలు కూలీగా వచ్చి, పెద్దమ్మ చూపించిన సాలు పట్టి కోసింది. అందువల్ల పెద్దమ్మ జ్వరమొచ్చినా పోయేది, చుట్టాలొచ్చినా పోయేది. మేస్త్రి అయినప్పటి నుంచి కోతలున్న రోజు ఇంటి పట్టున ఉన్న గుర్తు ఎవరికీ లేదు.

కొన్నేళ్ళ కిందట కోతలు మంచి జోరు మీద ఉన్నప్పుడు ఆమెకు దగ్గు పట్టుకుంది. మిరప తోటలో దగ్గని వాళ్ళుండరు గనక మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆటో ఎక్కడానికే ఆయాసపడటం మొదలుపెట్టింది. రాత్రి ఆ దగ్గు మా ఇంట్లోకి వినపడేది. బలవంతాన బండి మీద కూర్చోబెట్టుకుని మార్కాపురంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరు చూసి, "మిరప ఘాటు మీ ఊపిరితిత్తులకు పడటం లేదమ్మా. రెండు వారాలు కోతకు దిగొద్దు. దిగారంటే ఆస్పత్రిలో చేర్చుకోవాల్సి వస్తుంది" అన్నాడు.

"అట్లనే సార్. సీజన్ అయిపోయినాక కూర్చుంటా."

"సీజన్ అయిపోయాక ఎందుకమ్మా కూర్చోవడం? అప్పుడు తోటలో మిరపకాయే ఉండదు కదా!"

తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుని, "డాక్టర్ చెప్పింది నీ కడుపులోనే పెట్టుకో నాయనా" అంది. సరే అన్నాను. కానీ నా కడుపు అంత పెద్దది కాదు. ఆ సాయంత్రమే పోయి రూతుకు చెప్పేశాను.

రూతు మా పాలెం కోడలు, గిద్దలూరు వైపు పిల్ల. ముఠాలో పెద్దమ్మ పక్క సాలు ఎప్పుడూ ఆమెదే. చేతులు చురుకు, నోరు నెమ్మది. నేను చెప్పిందంతా విని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నేను పోవద్దంటే ఇంటదా అన్నా? మెడ పట్టి గెంటుతది. ఆమెకు ఇష్టమయ్యేటట్టు ఏదో ఒకటి చెప్పాల" అంది. ఏం చెప్పబోతుందో చెప్పలేదు. చెప్పి ఉంటే కాళ్ళా వేళ్ళా పడైనా ఆపేవాణ్ణి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ వెంటనే ఇళ్ళకు పోరు. మేస్త్రి చర్చి మెట్టు మీద నిలబడి వచ్చే వారం ఎవరెవరు ఏ తోటకు పోవాలో పేర్లు పిలుస్తుంది. పాస్టరయ్య ప్రకటనల కంటే ఈ ప్రకటనలను జనం శ్రద్ధగా వింటారు. ఆ ఆదివారం పెద్దమ్మ బైబిలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేసరికి మెట్టు మీద రూతు నిలబడి ఉంది. చదువుకునే పిల్ల పద్యం ఒప్పజెప్పినట్టు గబగబా పేర్లన్నీ పిలిచింది. చివర్న గొంతు పెంచి, "మా ఇండియా కెప్టెన్ పెద్దమ్మకు రెండు వారాలు రెస్ట్!" అంది.

ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ముందే అనుకుని ఉన్నారు. పెద్దమ్మకు క్రికెట్టంటే ప్రాణం కదా, ఆ పెద్ద కెప్టెన్‌కు చేసినట్టే మనమూ ఈమెకు చేస్తే పొంగిపోతుందని వాళ్ళ ఆశ. ఆమె మా ఇంట్లో కూర్చుని క్రికెట్ చూస్తుందని వాళ్ళందరికీ తెలుసు. చూస్తూ ఏం తిడుతుందో మా ఇంట్లో వాళ్ళకే తెలుసు.

చప్పట్లు వాటంతట అవే ఆగిపోయాయి. పెద్దమ్మ ఒక్క తిట్టు తిట్టలేదు. "మంచిది" అని కొంగు తల మీదికి లాక్కుని ఇంటికి నడిచింది. ఆమె తిట్టకపోవడం చూసి ముఠా మొత్తం బెదిరిపోయింది.

సాయంత్రం నేను వెళ్ళేసరికి దీపం కూడా వేయకుండా మంచం మీద కూర్చుని ఉంది.

"తీసేసినారు నాయనా నన్ను. సప్పట్లు కొట్టి మరీ తీసేసినారు."

"లేదు పెద్దమ్మా, నీ ఆరోగ్యం కోసం..."

"ఆ పాత మేస్త్రి ముసల్దాన్ని నేనేం తీసెయ్యలే గదా. ఆమే కూర్చున్నది. కూర్చున్నోళ్ళ సాలు ఎవరో ఒకరు పట్టుకుంటారు. రూతు మంచిదే. నేనూ అప్పుడు మంచిదాన్నే."

ఊపిరి పోతే పోనీ, మెట్టు మీద తన జాగా పోకూడదు, అదీ ఆమె లెక్క. ఆ లెక్కతో మరునాడు తోటలో దిగి కూలబడుతుందేమోనని ఆ రాత్రంతా భయపడ్డాను.

సోమవారం పొద్దున ఆటో ఆమె ఇంటి ముందు ఆగకుండానే పోయింది. లోపల నుంచి దగ్గు వినపడింది, తలుపు తెరుచుకోలేదు. ఆ రోజు నాకు షాపు మధ్యాహ్నం తెరిచే పని. ఇండియా మ్యాచ్ మొదలయ్యాక చూస్తే గడప మీద పెద్దమ్మ ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. మ్యాచ్ చూస్తోందని కూడా చెప్పలేను, అటు తిరిగి కూర్చుందంతే.

విచిత్రమేమిటంటే ఆ మ్యాచ్‌కు మన కెప్టెన్‌కు కూడా రెస్ట్. ఇంకో కుర్రాడు టీమును నడిపిస్తున్నాడు. నాకు టీవీ కట్టేద్దామా అనిపించింది. అంతలో డ్రింక్స్ బ్రేక్ వచ్చింది. నీళ్ళ సీసాల బుట్ట పట్టుకుని గ్రౌండులోకి పరిగెత్తుకుంటూ వచ్చినవాడు సాక్షాత్తు మన కెప్టెనే.

పెద్దమ్మ బయటి కాలు లోపలికి తీసుకుంది.

"ఏంది నాయనా, ఆయన నీళ్ళు మోస్తన్నాడు? అంత గొప్పోడు!"

"ఆడకపోయినా టీంతోనే ఉన్నాడు గదా పెద్దమ్మా."

"ఇంతమంది సూస్తాంటే సిగ్గు లేదా?"

"సిగ్గెందుకు? టీం ఆయనదే గదా."

టీవీలో ఆ కుర్ర కెప్టెన్ సీసా అందుకుంటూ ఏదో అడిగాడు. మనాయన ఆ కుర్రాడి భుజం మీద చెయ్యేసి చెవిలో ఒక మాట చెప్పి, ఖాళీ సీసాలు ఏరుకుని వెనక్కి పరిగెత్తాడు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. వెంటనే ఆ కుర్రాడు చేతులూపి ఫీల్డర్లను మార్చాడు.

"ఏం చెప్పి ఉంటాడంటావు?" అంది పెద్దమ్మ.

"ఏమో పెద్దమ్మా."

"గాలి సంగతి చెప్పి ఉంటాడు" అంది లేస్తూ. "బండి తియ్యి. ఆ నీళ్ళ క్యాను మధ్యలో పెట్టుకో."

తోటలోకి అడుగు పెట్టనని బైబిలు మీద ప్రమాణం చేయించి తీసుకెళ్ళాను. చేను గట్టు మీద, ఘాటు తన వైపు రాని చోటు చూసుకుని, తువ్వాలు ముక్కుకు రెండు మడతలు కట్టుకుని నిలబడింది. ఆమెను చూసి సాళ్ళలో ఉన్న ఆడవాళ్ళందరూ నడుములెత్తి చేతులు ఆపేశారు.

"ఏంది నన్ను సూస్తారు? కాయలు నా మొగాన కాసినాయా?" అని అరిచింది పెద్దమ్మ. "దాహమైనోళ్ళు ఒక్కొక్కరే రాండి. అందరూ ఒక్కసారి లెయ్యాకండి."

ఆ అరుపుతో అందరి ప్రాణం కుదుటపడింది. ఒక్కొక్కరే వచ్చి నీళ్ళు తాగిపోయారు. ఆమె చేత్తో నీళ్ళు పోస్తోందే గానీ చూపు తోటంతా తిరుగుతోంది. రూతు వంతు వచ్చినప్పుడు అడిగింది.

"ఆ బాలింతను చెట్టు పక్క సాల్లో ఎందుకు పెట్టినావు?"

రూతు తడబడింది. "బిడ్డ చెట్టు కింద పండుకున్నాడు పెద్దమ్మా. లేచి ఏడిస్తే ఆమెకు ఇనపడతదని."

పెద్దమ్మ గ్లాసు నిండా నీళ్ళు పోసి రూతు చేతిలో పెట్టింది. "ఇన్నేళ్ళల్లో నాకు తోచలేదు సూడు" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చిందని ఇప్పటికీ మా పాలెంలో కొందరు నమ్మరు. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

తర్వాత రూతును దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో చెప్పింది. రూతు తోటలోకి పోయి, తన గొంతుతోనే, "నల్లమల మీద మబ్బు పట్టింది! ఆ గట్టు పక్కోళ్ళు కల్లం కాడికి పోయి కాయ మీద పట్టలు కప్పండి!" అని కేకేసింది. మామూలుగా అయితే ఆ కేక పెద్దమ్మ వేస్తే పక్క ఊరికి వినపడేది. ఆ రోజు ఆమె పెదవులు బిగపట్టుకుని, క్యాను మూత గట్టిగా తిప్పుతూ కూర్చుంది. ఆమె జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో అదొకటని నా అభిప్రాయం. వాన పొదిలి వైపు మళ్ళిపోయింది, మా కల్లంలో చుక్క పడలేదు. అయినా తోట ఆసామి రూతును మెచ్చుకున్నాడు. ఆ మెప్పులో పెద్దమ్మ వాటా అడగలేదు.

వచ్చేటప్పుడు నాకు నోరు ఊరుకోక, "ఏం పెద్దమ్మా, తీసేసినట్టేనా?" అన్నాను.

"బండి సూసుకుని నడుపు" అంది.

ఆ రెండు వారాలూ రోజూ నీళ్ళు మోసింది, గట్టు దాటలేదు. దగ్గు తగ్గింది, రాత్రిళ్ళు మేమూ నిద్రపోయాం. గడువు తీరిన ఆదివారం రూతు మెట్టు కిందే నిలబడింది. పెద్దమ్మ మెట్టెక్కి ఎప్పటిలాగే పేర్లు పిలిచింది. చివర్న, "రూతుకు ఈ వారం రెస్ట్" అంది. రూతు హడలిపోయి, "నాకేం కాలేదు పెద్దమ్మా, నేను బాగనే ఉన్నా, నాకక్కర్లేదు!" అంది. "అందుకే" అని పెద్దమ్మ, "ఏంది సూస్తారు, సప్పట్లు కొట్టండి" అని జనం మీద కసిరింది.

అప్పటి నుంచి మా ముఠాలో రెస్ట్ అనేది వచ్చింది. వంతులవారీగా అందరికీ, మేస్త్రితో సహా. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో ఎట్లా తెలుస్తుందని నేనొకసారి అడిగాను. పేపర్లో చదివినదానికంటే మంచి జవాబు వస్తుందని నేనేమీ అనుకోలేదు. "నాకొద్దు నాకొద్దు అని ఎవరు గట్టిగా అరుస్తారో ముందు వాళ్ళకియ్యాల" అంది. ఈ సూత్రం అన్నిచోట్లా పనిచేస్తుందని చెప్పలేను. ఆమె విషయంలో మాత్రం తిరుగులేదు.

తర్వాతి ఏడు కోతలప్పుడు పెద్దమ్మకు రెస్ట్ వంతు వచ్చిన వారం, ఆసామి సుబ్బారెడ్డన్న గాభరాగా బండేసుకుని వచ్చాడు. పెద్దమ్మ వాకిట్లో మంచం మీద నడుం వాల్చి ఉంది. నేను పక్కన కూర్చుని ఆమె సెల్లు బాగుచేస్తున్నాను.

"మేస్త్రమ్మా, రేపు నా తోట పెద్ద కోత. నువ్వు రావంటన్నారే! నువ్వు లేకపోతే వాళ్ళకు పని సాగుతదా?" అన్నాడు.

ఆ మాట వినడానికి ఆమె ఒకప్పుడు జ్వరంతో కూడా ఆటో ఎక్కేది. ఇప్పుడు లేచి కూడా కూర్చోలేదు, తల మాత్రం ఆయన వైపు తిప్పింది.

"సాగుతది సుబ్బారెడ్డన్నా. నేను లేకపోయినా సాగేటట్టు చేసింది ఎవరనుకున్నావు?"

ఆయన బండి తిప్పుకుని రూతు ఇంటి వైపు పోయాడు. ఆ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా పెద్దమ్మ చెవులు రిక్కించి విన్నది. ఆ తర్వాత దుప్పటి ముసుగుతన్ని, పట్టపగలు, హాయిగా నిద్రపోయింది.